నీటిలోని దాహము: వేసవి జలక్రీడలును పిల్లల ఆరోగ్యమును

మార్చి నెల నడుమ ఒంటిపూట బడులు ప్రారంభమైనది మొదలు మన బాలబాలికలకు మధ్యాహ్నపు వేళలన్నియు సొంతమగుచున్నవి. ఏప్రిలు చివరను వేసవి సెలవులు వచ్చిన పిమ్మట దినమంతయు వారిదే. అప్పుడు వారి కాళ్లు నీటివైపునకే నడచును. గోదావరి కృష్ణా తీరములందలి పల్లెలలో రేవులయొద్దను చెఱువులయొద్దను, తెలంగాణమునందును రాయలసీమయందును పొలములలోని బావులయొద్దను మోటారు నీరు పడు తొట్లయొద్దను, పట్టణములలో ఈతకొలనులయొద్దను పిల్లల కేకలు వినవచ్చుచుండును.

ఈ జలక్రీడలను నిషేధింపవలెనని మేము చెప్పబోవుట లేదు. ఈత దేహమునకు మంచి వ్యాయామము. మండుటెండలలో చల్లని నీటికంటె హాయి వేఱొకటి లేదు. అయితే ఈ హాయిలో దాగియున్న ఒక విషయమును విద్యార్థులును వారి తల్లిదండ్రులును తఱుచుగా మఱచుచున్నారు. నీటిలో ఆడుచున్న బిడ్డకు కూడ నీటి కొఱత కలుగవచ్చును. ఒడలంతయు తడిసియున్నను లోపల దేహము ఎండుచుండవచ్చును. పైగా ఆ సంగతి ఆ బిడ్డకు తెలియదు. ఇది యెట్లు కలుగునో, దీనికి మనము చేయవలసిన దేమో ఈ వ్యాసమున వివరింతుము.

1. దేహములోని నీరు

బడికి పోవు వయసుగల పిల్లవాని బరువులో సుమారు నూటికి 60 పాళ్లు నీరే. అనగా 25 కిలోల బరువుగల బాలుని దేహమునందు ఇంచుమించు 15 లీటర్ల నీరుండును. ఈ నీరు రక్తమునందును, కండలయందును, మెదడునందును, ప్రతి జీవకణమునందును ఉన్నది. ఆహారసారమును అవయవములకు చేర్చుట, మలినములను మూత్రరూపమున వెడలించుట, దేహపు వేడిమిని ఒక్కతీరుగ నుంచుట, ఈ పనులన్నియు నీటిచేతనే జరుగుచున్నవి.

ఈ నిలువలో కొంచెము తగ్గినను దేహము ఇబ్బంది పడును. బరువులో నూటికి 2 పాళ్లు తగ్గునప్పటికే అలసటయు, తలనొప్పియు, విసుగును తోపవచ్చును. మన 25 కిలోల బాలునికి 2 పాళ్లనగా అర లీటరు మాత్రమే. ఎండలో గంతులు వేయుచు ఆడు పిల్లవాడు ఒకటి రెండు గంటలలో అంత చెమటను కోల్పోవుట వింత గాదు.

పెద్దవారికంటె పిల్లల విషయమున జాగ్రత్త ఎక్కువ కావలెను. చిన్న దేహమునకు దాని బరువుతో పోల్చిచూచినచో చర్మపు వైశాల్యము అధికము. ఒక బెల్లపు అచ్చును, దానినుండి విఱిచిన చిన్న ముక్కను వేర్వేఱు గిన్నెల నీటిలో వేసి చూడుడు. చిన్న ముక్కయే ముందుగా కరగును. ఏలయన దాని పరిమాణమునకు నీటిని తాకు భాగము ఎక్కువ. అట్లే బయటి గాలి దేహముకంటె వేడిగా నున్నప్పుడు ఆ వేడి చిన్న దేహమునకు త్వరగా సోకును. మఱియు పిల్లలు ఆటలో మునిగినప్పుడు ఆకలిని, దాహమును లెక్కచేయరన్నది ప్రతి తల్లియు ఎఱిగినదే.

2. చెమట చేయు పని

చెమటను మనము అసహ్యముగా చూతుము గాని దేహమును కాపాడు సేవకులలో దానికి మించినది లేదు. దీనిని తెలిసికొనుటకు ఇంటిలో ఒక పరీక్ష చేయవచ్చును. ఒక మట్టికూజాను, ఒక స్టీలు బిందెను తీసికొని ఉదయమున రెంటిలోను ఒకే కుళాయి నీటిని పోసి, గాలి తగులు నీడలో ఉంచుడు. సాయంకాలమున రెంటినుండియు నీరు త్రాగి చూడుడు. కూజానీరు చల్లగా నుండును, బిందెనీరు అట్లుండదు. కూజా గోడలయందు కంటికి కనబడని సన్నని రంధ్రములు కలవు. వానిగుండ నీరు వెలుపలికి చెమర్చి గాలికి ఆవిరియగుచుండును. ఆవిరియగుటకు వేడి కావలెను గదా! ఆ వేడిని కూజానుండియే తీసికొనుటచేత లోపలి నీరు చల్లబడుచున్నది.

ఒక గ్రాము నీటిని ఒక డిగ్రీ వేడిచేయుటకు ఒక కేలరీ వేడి చాలును. అదే గ్రాము నీరు మన చర్మముపైనుండి ఆవిరిగా మాఱుటకు సుమారు 580 కేలరీల వేడిని తనతో గొనిపోవును. కావున కొద్దిపాటి చెమటయైనను ఎంతటి వేడిని తొలగింపగలదో చూడుడు. మన దేహమును ఒక నడచు మట్టికూజా యనవచ్చును. కాని కూజాలో నీరు తఱిగినచో మనము మరల నింపుదుము. దేహమును నింపుటయే మఱతుము.

మన దేశపు ఎండ అన్నిచోట్ల నొక్కతీరుగ నుండదు. పల్నాటియందలి రెంటచింతలలోను, తెలంగాణమునందలి రామగుండములోను వేసవి ఎండ 45 డిగ్రీల సెంటీగ్రేడును దాటుట కలదు. అక్కడి గాలి పొడిగా నుండుటచేత చెమట పట్టినది పట్టినట్లే ఆవిరియై పోవును. తాము నీటిని కోల్పోవుచున్నట్లు జనులకు తోపదు. కాకినాడ, మచిలీపట్నము మొదలగు సముద్రతీర పట్టణములలో ఎండ అంతకంటె తక్కువగా నుండినను గాలిలో తేమ నిండియుండుటచేత చెమట ఆఱదు. అది ధారగా కాఱిపోవును గాని దేహమును చల్లబఱుపదు. నీరు పోయినది, చల్లదనము రాలేదు! కాబట్టి తీరమునందలి పిల్లలు తమకు ఎండ తక్కువయని నిశ్చింతగా నుండరాదు.

3. నీటిలో చెమట పట్టునా?

ఈ ప్రశ్నకు తరగతిలో పలువురు పట్టదని బదులు చెప్పుదురు. పట్టును. ఈదుట, నీరు చిమ్ముకొనుట, ఒకరినొకరు తఱుముకొనుట, గట్టెక్కి మరల దూకుట, ఇవన్నియు కండల పని. కండలు పనిచేసినచో వేడి పుట్టును. నీరు చల్లగా నున్నయెడల ఆ వేడిని అదియే లాగుకొనును. కాని వేసవిలో మన పిల్లలు ఆడు నీరు ఎట్టిది? డెల్టా ప్రాంతములలో కాలువలను వేసవియందు సాధారణముగా కట్టివేయుదురు. అప్పుడు మడుగులలో మిగిలియున్న లోతు తక్కువ నీరును, ఎండలో నిలిచిన చెఱువు పైనీరును, మిద్దెపైనున్న తొట్టినీరును మధ్యాహ్నమునకు గోరువెచ్చనగును. అట్టి నీటిలో ఆడువానికి తప్పక చెమట పట్టును. అది వెంటనే నీటిలో కలిసిపోవుటచేత ఎవ్వరికిని కనబడదు.

ఈ సంగతిని త్రాసు నిరూపింపగలదు. ఒక బాలిక ఈతకు ముందు పొడిబట్టలతో 32 కిలోలు తూగినదనుకొందము. ఒక గంట ఈది, ఒడలు తుడుచుకొని, అవే పొడిబట్టలతో తూగగా 31 కిలోల 700 గ్రాములు వచ్చినది. నడుమ ఆమె 200 మిల్లీలీటర్ల నీరు త్రాగినది. అయినచో ఆమె కోల్పోయిన నీరు 300 గాక 500 మిల్లీలీటర్లని లెక్క కట్టవలెను. వ్యాయామోపాధ్యాయులు ఈ లెక్కను విద్యార్థులచేత చేయింపవచ్చును.

నీటివలన కలుగు వేఱొక మార్పు ఇంకను వింతైనది. మెడవఱకు నీటిలో దిగినప్పుడు నీటి ఒత్తిడిచేత కాళ్లయందును కడుపునందును ఉన్న రక్తము కొంత రొమ్మువైపునకు త్రోయబడును. గుండె గదులు నిండుగా సాగును. దేహములో నీరు మితిమీఱి యున్నదని అవి పొరపడి మూత్రపిండములకు సంకేతము పంపును. మూత్రపిండములు అదనముగా నీటిని వెడలించును. చెఱువులో దిగిన కొంత సేపటికి మూత్రమునకు పోవలసి వచ్చుటకు ఇదియొక కారణము. ఈ నిండుతనపు భ్రాంతియే దాహమును గూడ అణచును. నోరును పెదవులును తడిగా నుండుటయు దీనికి తోడగును. ఇట్లు నీటిలో నున్నవాడు రెండు విధముల నష్టపడుచున్నాడు: చెమటగాను మూత్రముగాను నీరు పోవుచున్నది, పోయినదాని తిరిగి కోరు దాహము నిద్రించుచున్నది.

4. దాహమును నమ్మవచ్చునా?

దాహమైనప్పుడు త్రాగిన చాలును గదా యని కొందఱు పెద్దలు అందురు. ఇంటిపట్టున నీడలో నుండువారికి ఆ మాట చాలవఱకు నిజమే. ఎండలో శ్రమించువారికి అది చాలదని శాస్త్రజ్ఞులు కనిపెట్టిరి. రెండవ ప్రపంచయుద్ధకాలమున అమెరికా దేశమునందలి రోచెస్టరు విశ్వవిద్యాలయమునకు చెందిన ఇ. ఎఫ్. అడాల్ఫ్ అను శరీరధర్మశాస్త్రజ్ఞుడు తన సహచరులతో ఎడారిలో సైనికులను పరీక్షించి, ఆ ఫలితములను 1947వ సంవత్సరమున గ్రంథముగా ప్రకటించెను. నీరు కావలసినంత దగ్గఱనే యున్నను, ఎండలో పనిచేయు మనుష్యులు దాహము చొప్పున త్రాగుచు, తాము కోల్పోయిన నీటిలో కొంతభాగమును మాత్రమే తిరిగి పొందుచుండిరని ఆయన చూపెను. మిగిలిన లోటు భోజనకాలమున గాని తీఱకుండెను.

పిల్లల విషయమున కెనడా దేశమునందు విల్క్, బార్-ఓర్ అను వారు 1996లో ప్రకటించిన పరీక్ష మన తల్లులకు ఉపయోగపడునది. 9 మొదలు 12 ఏండ్ల ప్రాయముగల బాలురను 35 డిగ్రీల వేడిగల గదిలో వ్యాయామము చేయించి, తమ ఇచ్చవచ్చినంత త్రాగనిచ్చిరి. ఒట్టి నీటిని ఇచ్చిన దినమున బాలురు తక్కువ త్రాగిరి. రుచిగల నీటిని ఎక్కువగా త్రాగిరి. కొంచెము ఉప్పును తీపియు కలిసిన పానీయమును అన్నిటికంటె ఎక్కువగా త్రాగి, నీటి లోటు లేకుండ నుండిరి. మన యింటి ఉప్పుమజ్జిగకు ఇంతకంటె మంచి యోగ్యతాపత్రము ఏమి కావలెను?

5. ఆడు నీరు వేఱు, త్రాగు నీరు వేఱు

నీటిలో ఆడుచు దాహమైనచో దోసిలితో ఆ నీటినే త్రాగు అలవాటు కొందఱు పిల్లలకు కలదు. ఇది అపాయకరము. పశువులను కడుగు చెఱువునీటి వలన కలరా, సన్నిపాత జ్వరము, ఒక విధమగు పచ్చకామెరలు, విరేచనములు మొదలగు వ్యాధులు కలుగవచ్చును. విరేచనములు పట్టిన బిడ్డ చెమటవలన పోవుదానికంటె ఎన్నో రెట్లు నీటిని కోల్పోవును. ఈతకొలను నీటిలో క్లోరిను కలిపినను అది త్రాగుటకు ఏర్పఱచినది కాదు.

ఈ సందర్భమున మన పూర్వులను మిక్కిలి బాధించిన నారికురుపు చరిత్రను విద్యార్థులు తెలిసికొనవలెను. దిగుడుబావులలోని నీటిలో కంటికి ఆనని చిన్న నీటిపురుగులు ఉండును. వానిలో ఈ రోగపు పిల్లపురుగులు చేఱును. అట్టి నీటిని వడకట్టక త్రాగినవాని దేహమున ఆ పురుగు ఇంచుమించు ఒక సంవత్సరము పెరిగి, దారమువలె పొడవై, కాలియందు పుండు చేసి వెలికి వచ్చును. ఆ బాధతో రోగి కాలిని బావినీటిలో ముంచగా పురుగు తన సంతానమును ఆ నీటిలో విడుచును. మరల ఆ నీటిని ఇంకొకరు త్రాగుదురు! స్నానపు నీరును త్రాగు నీరును ఒకటియైన చోట ఈ చక్రము తెగకుండెను. ఈ వ్యాధి వ్యాపించిన రాష్ట్రములలో ఆంధ్రప్రదేశమును ఒకటి. దిగుడుబావులను మాన్పించి చేతిపంపులను నెలకొల్పుట, నీటిని గుడ్డతో వడకట్టుట, మందు చల్లుట మొదలగు పనులవలన మన దేశమున చివరి రోగి 1996లో కనబడెను. 2000వ సంవత్సరమున భారతదేశము ఈ వ్యాధినుండి విముక్తమైనదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువపఱచెను. ఒక్క అలవాటు మాఱుటచే ఒక రోగమే దేశము విడిచిపోయినది.

కావున ఈతకు పోవు ప్రతి బాలుడును తువ్వాలుతో పాటు ఇంటినుండి కాచి చల్లార్చిన నీటినో శుద్ధిచేసిన నీటినో సీసాలో తీసికొనిపోవలెను. సీసాను తడిగుడ్డతో చుట్టి చెట్టునీడన ఉంచినచో నీరు చల్లగా నుండును. కారణము కూజా పాఠములో చెప్పితిమి.

6. ఏమి త్రాగవలెను?

అన్నిటికంటె మేలైనది మంచినీరే. దానితో పాటు మన యిండ్లలో పూర్వమునుండి వాడుకలో నున్న పానీయములు చాలవఱకు శాస్త్రసమ్మతములు.

మజ్జిగ: పెరుగును చిలికి, నీరు ఎక్కువగా కలిపి, చిటికెడు ఉప్పు, కొంచెము అల్లము, కరివేపాకు చేర్చినది. చెమటతో పోవు నీటిని, ఉప్పును ఇది తిరిగి ఇచ్చును. ఖర్చు స్వల్పము.

గంజియు, రాగి అంబలియు: ఉప్పు వేసిన పలుచని గంజి నీటిని, ఉప్పును, కొంత బలమును ఒక్కసారిగా ఇచ్చును. బియ్యము వండి వార్చిన గంజిని పాఱబోయు ఇల్లాండ్రు దీనిని గమనింతురు గాక.

కొబ్బరి నీరు: ఇందు పొటాసియము అధికము, సోడియము తక్కువ. చెమటలో పోవునది ముఖ్యముగా సోడియముగల ఉప్పు. కావున కొబ్బరి నీరు మంచిదే గాని, మిక్కిలి చెమటోడ్చిన బిడ్డకు దానితో పాటు ఉప్పుగల ఆహారము గూడ పెట్టవలెను.

పానకము, నిమ్మనీరు: శ్రీరామనవమికి పంచు పానకము ఎండలు ముదురు వేళకే వచ్చుట గమనింపదగినది. తీపి మితముగా నుండవలెను.

పుచ్చకాయ, దోసకాయ, తాటిముంజలు: ఇవి తినుటకు రుచికరమైన నీళ్లే యనవచ్చును. త్రాగుటకు మారాము చేయు చిన్నబిడ్డలకు ఇవి మంచి ఉపాయము.

గ్యాసు నింపిన తియ్యని సీసా పానీయములను దాహము తీర్చుకొనుటకై వాడరాదు. వానిలోని అధికమైన చక్కెర కడుపు నిండినట్లు తోపించి నీటిని త్రాగనీయదు. కాఫీ, టీలును పిల్లల దాహమునకు తగినవి కావు.

ఓ.ఆర్.ఎస్. పొడిని గూర్చి రెండు మాటలు. 1971లో తూర్పు బెంగాలునుండి వచ్చిన శరణార్థులు బొనగాఁవ్ శిబిరమున కలరాచే మరణించుచుండగా, డాక్టరు దిలీప్ మహలనబిస్ ఉప్పును గ్లూకోసును కలిపిన నీటిని త్రాగించి అసంఖ్యాకుల ప్రాణములు నిలిపెను. ప్రేగులలో ఉప్పును గ్లూకోసును జంటగా లోనికి పోవుచు నీటిని తమవెంట గొనిపోవుననునదియే ఇందలి సూత్రము. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002లో సవరించిన పాళ్ల ప్రకారము ఒక లీటరు నీటికి 13.5 గ్రాముల గ్లూకోసు, 2.6 గ్రాముల ఉప్పు, 2.9 గ్రాముల సోడియము సిట్రేటు, 1.5 గ్రాముల పొటాసియము క్లోరైడు ఉండవలెను. పొడి దొరకనిచో ఒక లీటరు శుద్ధజలమున ఆఱు చిన్న చెంచాల చక్కెరను, అర చిన్న చెంచా ఉప్పును, గోపురము లేకుండ సమముగా కొలిచి కలుపవచ్చును. ఉప్పు మాత్రము కొలతకు మీఱరాదు. తియ్యని పానీయముల డబ్బాలపై ఓ.ఆర్.ఎస్. అను పేరు ముద్రించి అమ్ముట వలన తల్లిదండ్రులు మోసపోవుచుండగా, 2025 అక్టోబరులో భారత ఆహార భద్రతా ప్రమాణముల సంస్థ ఆ పేరును అట్లు వాడరాదని ఆదేశించెను. కొనునప్పుడు పేరును గాక పాళ్లను చదువుడు. ఆటలవలన కలుగు సాధారణమగు దాహమునకు ఈ పొడి అక్కఱలేదు. నీరును మజ్జిగయు చాలును.

7. ఎంత త్రాగవలెను? ఎప్పుడు త్రాగవలెను?

నీటిలో దాహము నమ్మదగినది కానప్పుడు దేనిని నమ్మవలెను? గడియారమును. అమెరికా దేశపు శిశువైద్యుల సంఘము 2011లో ఇచ్చిన సలహా ప్రకారము 9 మొదలు 12 ఏండ్ల పిల్లలు ఎండలో ఆడునప్పుడు ప్రతి 20 నిమిషముల కొకసారి 100 మొదలు 250 మిల్లీలీటర్ల వఱకు త్రాగవలెను. అనగా అర గ్లాసునుండి ఒక గ్లాసు. అంతకంటె చిన్నవారికి కొన్ని గుటకలు చొప్పున తఱుచుగా ఇచ్చుట మేలు. ఆటకు పోవుటకు ముందు ఒక గ్లాసు, ఇంటికి వచ్చిన పిదప ఒక గ్లాసు త్రాగుట అలవాటు చేసికొనవలెను. ఆఱు నెలలు నిండని పసిబిడ్డకు నీరు పట్టరాదు. ఎండకాలమున తల్లిపాలనే మరింత తఱుచుగా ఇయ్యవలెను.

ఒక్కసారిగా చెంబులకొలది త్రాగి ఊరకుండుట మంచిది కాదు. చాల చెమట పోసినపిమ్మట ఉప్పు లేని నీటిని మితిమీఱి త్రాగినచో రక్తములోని ఉప్పు పలుచనై వేఱొక కీడు కలుగవచ్చును. కొంచెము కొంచెముగ, పలుమాఱు, నడుమ నడుమ ఉప్పుమజ్జిగతో త్రాగుటయే పద్ధతి.

ఈ గడియారపు పద్ధతి పాఠశాలలకు క్రొత్త కాదు. కేరళ రాష్ట్రమున 2019లో విద్యార్థులు నీరు త్రాగుటకై ప్రత్యేకముగా గంట కొట్టు ఏర్పాటు ప్రసిద్ధికెక్కెను. తరువాత అనేక రాష్ట్రములును, వానిలో మన తెలుగు రాష్ట్రములును, ఈ పద్ధతిని అనుసరించెను. గంట మ్రోగగానే అందఱును సీసాలు తీసి త్రాగుదురు. ఎవరికి దాహమున్నది, ఎవరికి లేదు అను ప్రశ్నయే లేదు. చెఱువుగట్టున గంట లేదు గాని ఈల యున్నది. తోడు వెళ్లిన పెద్దవారొకరు ఇరువది నిమిషముల కొకసారి ఈల వేసి, అందఱిని గట్టెక్కించి, నీడలో కూర్చుండబెట్టి, త్రాగించి, తలలు లెక్కించి, మరల విడువవలెను. ఈ తలలు లెక్కించుట ఇంకొక ప్రాణరక్షణ. పెద్దవారి తోడు లేక పిల్లలు నీటిలో దిగనే రాదు. ఉదయము పది గంటలకు ముందును, సాయంకాలము నాలుగు గంటల తరువాతను ఆడుట ఉత్తమము.

8. అపాయపు గుఱుతులు

దేహములో నీరు చాలినదో లేదో తెలుపు సులభమైన సాక్షి మూత్రము. అది లేత గడ్డిరంగున నున్నచో మేలు. ముదురు పసుపుగా నున్నను, చాలసేపు రాకున్నను నీరు చాలలేదని గ్రహింపుడు. పెదవులు ఎండుట, తలనొప్పి, చిఱాకు, కన్నీరు లేని ఏడ్పు, తల తిరుగుట, కాలిపిక్కలు పట్టుట, వీనిలో ఏది కనబడినను ఆట ఆపి, బిడ్డను నీడకు తెచ్చి, మెల్లగా త్రాగింపవలెను. లోతునీటిలో నున్నప్పుడు పిక్క పట్టుటయు, తల తిరుగుటయు ఎంతటి ప్రమాదమో చెప్పనక్కఱలేదు.

దేహపు వేడి 40 డిగ్రీల సెంటీగ్రేడునకు, అనగా 104 డిగ్రీల ఫారన్‌హీటునకు మించి, బిడ్డ తికమకగా మాటలాడినను, మూర్ఛిల్లినను అది వడదెబ్బ. అది ప్రాణాపాయము. 2015 వేసవియందు మన దేశమున వడగాడ్పుల వలన రెండు వేలకు పైబడి జనులు మరణించిరి. వారిలో అధికసంఖ్యాకులు ఆంధ్రప్రదేశ్ తెలంగాణ రాష్ట్రములవారే. అట్టి స్థితిలో వెంటనే 108కి ఫోను చేయవలెను. వాహనము వచ్చువఱకు ఊరకుండక, బట్టలు వదులుచేసి, ఒడలంతయు నీటితో తడుపుచు విసరవలెను. చంకలయందును, మెడయందును చల్లని తడిగుడ్డలు ఉంచవలెను. తెలివి లేని బిడ్డ నోట నీరు పోయరాదు. అది ఊపిరితిత్తులలోనికి పోవును.

ముగింపు

ఎండలలో బాటసారులకు చలివేంద్రములు పెట్టుట మన తెలుగునాట గొప్ప పుణ్యకార్యముగా ఎంచబడుచున్నది. తెలియని బాటసారికి పిలిచి నీరిచ్చు మనము, నీటిలోనే యున్నాడు గదా యని మన బిడ్డను మఱవవచ్చునా? ఈ సెలవులలో ప్రతి గృహమునందును పిల్లల ఈతకు ఒక సీసా, ఒక ఈల, ఒక పెద్దవారి తోడు సమకూర్ప ప్రార్థించుచున్నాము. విద్యార్థులు ఈ పాఠమును ఇంటిలో తమ తమ్ములకును చెల్లెండ్రకును చెప్పుదురు గాక. చిన్నవారిని త్రాగించు భారము పెద్దపిల్లలదే.

అభ్యాసము

1. మట్టికూజాలోని నీరు చల్లబడుటకును, చెమటవలన దేహము చల్లబడుటకును గల పోలిక యేమి?
2. నీటిలో నున్నవానికి దాహము తక్కువగా తోచుటకు రెండు కారణములు వ్రాయుము.
3. 40 కిలోల బరువుగల బాలుడు నూటికి 2 పాళ్లు నీటిని కోల్పోయినచో అది ఎన్ని మిల్లీలీటర్లు?
4. నారికురుపు మన దేశమునుండి ఎట్లు తొలగెను?
5. మీ గ్రామమున పిల్లలు ఈదు స్థలము ఏది? అచ్చట త్రాగునీరు, నీడ, పెద్దవారి తోడు కలవా? లేనిచో ఏమి చేయవచ్చునో మీ తల్లిదండ్రులతో ఆలోచించి ఒక పుట వ్రాయుము.